క్రాసింగ్ పడ్డప్పుడు

మా తాతయ్య, అంటే అమ్మ వాళ్ళ నాన్నగారు, రైల్వేలో స్టేషను మాస్టరుగా చేశారు. స్టేషను మాస్టరనగానే బెజవాడో, రాజమండ్రో ఊహించుకోకండి. గుడివాడ–భీమవరం లైనులో ఎక్స్‌ప్రెస్‌లు ఆగని ఒక చిన్న స్టేషను ఆయనది. అమ్మకి పుట్టిల్లంటే ఆ రైల్వే క్వార్టర్సే. మాకు వేసవి సెలవులంటే కూడా అదే.

నేను చెప్పేది 1980ల సంగతి. అప్పుడది సింగిల్ లైను. ఉన్న ఆ ఒక్క లైను మీదే పోయే బండీ పోవాలి, వచ్చే బండీ రావాలి. కాబట్టి ఏదో ఒక స్టేషన్లో ఒక బండి పక్కకి తప్పుకుని, ఎదురుబండి వెళ్ళేదాకా నిలబడాలి. అప్పుడు "క్రాసింగ్ పడింది" అనేవాళ్ళు. ఆ మాట చెవిన పడగానే పెట్టెలో జనం రెండు రకాలుగా విడిపోయేవాళ్ళు. ఆ రెండు రకాల సంగతి చెబుతాను గానీ, ముందు స్టేషను చూడండి.

ఒక ఆఫీసు గది, దాని ముందు వరండా, పక్కన వేపచెట్టు, చెట్టు కింద చేతిపంపు. ప్లాట్‌ఫారం నేలబారు మట్టిది. బండి దిగాలంటే ముసలివాళ్ళు వెనక్కి తిరిగి, కడ్డీ పట్టుకుని, ఒక్కో మెట్టూ కాలితో వెతుక్కుంటూ దిగేవాళ్ళు. వరండా దూలానికి ఒక రైలు పట్టా ముక్క వేలాడుతుండేది. పక్క స్టేషన్లో బండి బయలుదేరిందని తెలియగానే పోర్టరు ఇనుపకడ్డీతో దాన్ని వాయించేవాడు. ఊళ్ళోవాళ్ళకి అదే టైము. ఆ గంట విన్నాక చెప్పులేసుకుని బయలుదేరినా బండి అందేది. చీకటి పడే వేళకి పోర్టరు కిరసనాయిలు దీపాలు పట్టుకుని సిగ్నల్ స్తంభాలెక్కి పెట్టొచ్చేవాడు. క్వార్టర్సు వెనక వరిచేలు, చేల అవతల ఎక్కడో కొల్లేరు. సాయంత్రాలు అటునుంచి గాలి తిరిగితే ఒక రకమైన బురద, నాచు కలిసిన వాసన వచ్చేది. అది మంచి వాసనో చెడ్డ వాసనో ఇప్పటికీ తేల్చుకోలేను, కానీ ఎక్కడ తగిలినా గుర్తుపడతాను.

టిక్కెట్లు అట్టవి. ఒక చెక్క బీరువాలో ఊరికొక గడి చొప్పున పేర్చి ఉండేవి. గుడివాడకొక గడి, కైకలూరుకొకటి, ఆకివీడుకొకటి. అడుగునుంచి ఒకటి లాగి, తేదీ కొట్టే మిషన్లో ఇటు చివర ఒకసారి, అటు చివర ఒకసారి దూర్చితే 'టక్' మని అంకెలు పడేవి. రోజు ముగిశాక ఏ గడిలో ఏ నెంబరు దాకా అమ్ముడైందో చూసి, దాన్నిబట్టి డబ్బు లెక్క సరిచూడాలి. ఆ టిక్కెట్ల వరసని తాతయ్య తాకనిచ్చేవారు కాదు. కావాలంటే బండి దిగినవాళ్ళ దగ్గర తీసుకున్న పాత టిక్కెట్లు చూడనిచ్చేవారు, వాటికి మళ్ళీ మేమే బేరాలాడి అమ్ముకునేవాళ్ళం.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి ఆఫీసు గదిలో ఉండే రెండు ఇనుప యంత్రాలు. ఒకటి గుడివాడ వైపుకి, ఒకటి భీమవరం వైపుకి. నీల్స్ బాల్ టోకెన్ ఇన్‌స్ట్రుమెంట్లని వాటి పేరు. వాటిలో గుప్పిట్లో పట్టేంత లోహపు బంతులుంటాయి. పక్క స్టేషను వాళ్ళు లైన్ క్లియర్, అంటే బండి పంపొచ్చని ఒప్పుకోలు, ఇస్తేనే ఒక బంతి బయటికి వస్తుంది. అది మళ్ళీ ఈ చివరో, ఆ చివరో యంత్రంలో పడేదాకా ఇంకోటి రాదు. బంతి చేతికి అందితేనే డ్రైవరు ఆ రెండు స్టేషన్ల మధ్యకి బండి నడపాలి. ఎదురెదురుగా రెండు బళ్ళు ఒకే లైనులోకి రాకుండా ఆపేది ఆ బంతే.

తాతయ్య ముందు మీట నొక్కి అవతలి స్టేషన్లో గంట మోగించేవారు. అవతలివాళ్ళు జవాబు గంట కొట్టేవాళ్ళు. ఫోనులో బండి నెంబరు చెప్పి లైన్ క్లియర్ అడిగేవారు. హ్యాండిల్ తిప్పితే లోపల గడగడమని చప్పుడై బంతి కిందికి దిగేది. దాన్ని తీసి, మీద చెక్కి ఉన్న స్టేషన్ల పేర్లు పైకి చదివేవారు. మనసులో కాదు, పైకే. ఎన్ని వేలసార్లు చదివుంటారో ఆ రెండు పేర్లూ! అయినా అక్షరం అక్షరం మీద వేలు పెట్టి చదివేవారు. తర్వాత దాన్ని తోలు సంచీలో వేసి, పట్టీ బిగించి, బెత్తం రింగుకి తగిలించి పోర్టరు చేతికిచ్చేవారు.

ఆగని బండి అయితే ఆ రింగు అందించడం ఒక విద్య. పోర్టరు ప్లాట్‌ఫారం అంచున నిలబడి రింగు పైకెత్తి పట్టుకునేవాడు. ఇంజన్లోంచి ఒకాయన సగం బయటికి వంగి, చెయ్యి రింగులోంచి దూర్చి లాక్కుపోయేవాడు. అదే ఊపులో వెనక స్టేషన్లో ఇచ్చిన పాత రింగుని కిందికి విసిరేవాడు. అది మట్టిలో దొర్లుకుంటూ ఎక్కడికో పోయేది. వెతికి తేవడం మా పిల్లల డ్యూటీ. జీతం లేదు గానీ, ఆ ఉద్యోగానికి మాలో మాకు కొట్లాటలు జరిగేవి.

ఇదంతా జరిగేటప్పుడు తాతయ్యని ఎవరు పలకరించినా పలికేవారు కాదు. ఇంటికి చుట్టాలొచ్చారని అమ్మమ్మ నాతో కబురు పంపితే, నేను పక్కనే నిలబడి చెప్పిందే చెబుతుంటే, ఆయన చూపు నా తల మీదుగా వెళ్ళి ఆ హ్యాండిల్ మీదే ఉండేది. బండి పోయి, గార్డు పెట్టె వెనక దీపం కూడా దాటాక, రిజిస్టరులో టైము రాసి, కళ్ళజోడు తుడుచుకుని, "ఇప్పుడు చెప్పు, ఎవరొచ్చారు?" అనేవారు. ఆ తర్వాత ఇంకో బండికి రెండు గంటలుంటే ఆ రెండు గంటలూ పూర్తిగా ఆయనవే. చుట్టాలతో కూర్చుంటే కూర్చున్నట్టే ఉండేది. పేపరు చదివితే జిల్లా వార్తల చివరి ముక్కదాకా చదివేవారు. నిద్రపోతే గురక. ఇక్కడుండి ఇంకెక్కడో ఉన్న ముఖం ఆయనకి ఉండేది కాదు. చిన్నప్పుడు నాకిది గొప్పగా ఏమీ అనిపించలేదు. తాతయ్యలందరూ అలాగే ఉంటారనుకున్నాను.

ఇక క్రాసింగ్.

ప్యాసింజరు బండి వచ్చి మా లూప్ లైనులో, అంటే స్టేషన్లో పక్కకి వేసిన పట్టాల మీద, నిలబడేది. ఎక్స్‌ప్రెస్ ఎంత ఆలస్యమైతే ప్యాసింజరు అంతసేపు నిలబడాలి. మొదటి రకం జనం తిన్నగా ఆఫీసు కిటికీ దగ్గరికొచ్చేవాళ్ళు. "ఎంతసేపండీ మాస్టారూ?" తాతయ్య చెప్పేవారు. వెళ్ళి, బీడీ సగం కాల్చి, మళ్ళీ వచ్చేవాళ్ళు. "ఇంకా ఎంతసేపండీ?" పట్టాల మీదికి వంగి దూరంగా చూసేవాళ్ళు. చూస్తే బండి వస్తుందా? అయినా చూసేవాళ్ళు. ఆ అరగంటా వాళ్ళు భీమవరంలోనూ లేరు, మా ఊళ్ళోనూ లేరు.

రెండో రకం వాళ్ళు బండి ఆగగానే చెంబు పట్టుకుని దిగేవాళ్ళు. చేతిపంపు దగ్గర ముఖం కడుక్కునేవాళ్ళు. వేపచెట్టు కింద తువ్వాలు పరిచేవాళ్ళు. పక్కవాళ్ళది ఏ ఊరో, ఆ ఊళ్ళో వీళ్ళ వియ్యంకుడి తమ్ముడు తెలుసో లేదో విచారించుకునేవాళ్ళు. పెట్టెలో రెండు బెర్తుల మధ్య చీర ఉయ్యాల కట్టి పసిపిల్లని ఊపుతూ ఉండే తల్లులు అసలు బండి ఆగిన సంగతే పట్టించుకునేవాళ్ళు కాదు.

క్రాసింగ్ పడిందని తెలిస్తే ఊళ్ళోంచి గంపలు దిగేవి. సీమచింతకాయలు, ఈతపళ్ళు, కుండలో మజ్జిగ. ముంజెలమ్మే ఒకావిడ ఉండేది. తాటికాయని ఎడమ అరచేతిలో పెట్టి, కత్తితో పైన ఒక్క వేటు వేసి, మూడు కళ్ళూ తెరుచుకునేలా చెక్కేది. బొటనవేలు లోపలికి దూర్చి తిప్పితే ముంజె జారి తాటాకు దొన్నెలో పడేది. లేతదైతే నొక్కగానే నీళ్ళు చిమ్మి చొక్కా తడిసేది. ముదిరిన కాయ తగిలితే ఆవిడే పక్కన పడేసి ఇంకోటి కొట్టేది, కొనేవాడు అడక్కుండానే. ఆ రెండో రకం మనుషులు ముంజెలు తింటూ "ఆ ఎక్స్‌ప్రెస్ ఇంకాస్త ఆలస్యమైతే బాగుండు" అని హాస్యమాడటం నాకు బాగా గుర్తు.

ఒక వేసవిలో పెళ్ళివారి బండికి క్రాసింగ్ పడింది. పెళ్ళికొడుకు తండ్రికి టెన్షన్. ముహూర్తం తెల్లవారుజామునే, ఇంకా బోలెడు టైముంది, అయినా టెన్షనే. కిటికీకి ఇవతల, అవతల తిరుగుతున్నాడు. వాళ్ళతో వచ్చిన సన్నాయి మేళం వాళ్ళు మాత్రం చెట్టు కింద చేరి, ఊరికే కూర్చోవడం ఎందుకని శ్రుతి సరిచూసుకోవడం మొదలుపెట్టారు. సరిచూసుకోవడం కాస్తా వాయించడంలోకి దిగింది. ఊళ్ళోవాళ్ళు పోగయ్యారు. తాతయ్య గది గుమ్మంలో నిలబడి, ఒక చెవి సన్నాయి వైపు, ఒక చెవి లోపలి గంట వైపు పెట్టి వింటున్నారు. ఆ పెద్దమనిషి కూడా తిరిగి తిరిగి, చివరికి చెట్టు మొదట్లో కూలబడ్డాడు. కొంచెంసేపటికి తొడ మీద తాళం వేస్తున్నాడు. రాగం మంచి పాకాన పడేసరికి లోపల గంట మోగింది, పోర్టరు పట్టా ముక్క వాయించాడు, ఎక్స్‌ప్రెస్ ఊడ్చుకుంటూ పోయింది. పాట సగంలో తెగింది. అందరూ పంచెలెగ్గట్టి పరుగో పరుగు.

చెప్పొచ్చేదేమిటంటే, ఆ రెండు రకాల మనుషులూ భీమవరం చేరింది ఒకే నిమిషానికి.

ఇదంతా చదివి మా తాతయ్య ఏదో ఋషి అనుకునేరు. ఆ పొరపాటు చెయ్యకండి. తృప్తి మీద ఆయన నోట ఒక్క మంచిమాట కూడా నేను వినలేదు. తృప్తి గురించి ఉపన్యాసాలిచ్చేవాళ్ళు సాధారణంగా రెండు ఫ్లాట్లు, ఒక ఫాంహౌసు కొనేశాక మొదలుపెడతారని నా అనుభవం. ఆయనకి కోరికలు లేకపోలేదు. యూనిఫారం తెల్లగా ఉంటే చాలదు, గంజి సరిగ్గా ఉండాలి. కాఫీ పొగలు కక్కాలి. కొర్రమీను పులుసు పొద్దున వండితే సాయంత్రమే తినాలి, అప్పుడే ముక్కకి పులుపు పడుతుందని వాదన. ఆయనకి మంచిది కావాలి. మంచిది దొరికాక ఇంకోటి కావాలనిపించేది కాదు, అంతే తేడా.

మామిడిపళ్ళ దగ్గర ఇది బాగా తెలిసేది. నూజివీడు వైపు నుంచి వచ్చే చిన్న రసాలు గంపతో కొనేవారు. పొద్దున్నే ఇత్తడి గంగాళంలో నీళ్ళు పోసి అందులో వేసేది అమ్మమ్మ, వేడి దిగడానికి. మధ్యాహ్నం భోజనాలయ్యాక వరండాలో అందరం చొక్కాలు విప్పి కూర్చునేవాళ్ళం, మరకలు పడతాయని. మేమేమో నోట్లో ఒకటుండగానే గంగాళంలో చెయ్యి పెట్టి పెద్దది ఏదా అని తడిమేవాళ్ళం. మా పెద్దన్నయ్య ఒక కాలు గంగాళానికి అడ్డం పెట్టుకుని తినేవాడు. తాతయ్య ఒక పండు తీసేవారు. తుడిచి, రెండు అరచేతుల మధ్య పెట్టి, తొక్క చిట్లకుండా నెమ్మదిగా నలుపుతూ పోయేవారు. లోపల గుజ్జంతా రసమయ్యేదాకా. అప్పుడు తొడిమ గిల్లి, మొదట వచ్చే జీడి ఒక చుక్క బయటికి పిండేసి, కళ్ళు మూసుకుని నోట్లో పెట్టేవారు. ఆఖరికి టెంక బయటికొచ్చేసరికి దాని పీచు తెల్లగా ఉతికిన దూదిలా ఉండేది. మేము ఒక్కొక్కరం ఎన్ని తిన్నామో లెక్కలేసుకుంటుంటే ఆయన చేతులు కడుక్కుని వచ్చి, "ఇవ్వాళ్టి గంపలో ఆ చెట్టు కాయ బాగుందే" అని అమ్మమ్మతో అనేవారు. మాకు ఏ పండు ఎలా ఉందో ఒక్కదాని రుచీ గుర్తుండేది కాదు. సంఖ్య మాత్రం గుర్తుండేది. సాయంత్రానికి కడుపునొప్పి కూడా.

అమ్మమ్మ వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. సదరన్ రైల్వేలో చేరి, 1966లో సౌత్ సెంట్రల్ రైల్వే ఏర్పడ్డప్పుడు ఇటొచ్చిన తాతయ్యకి, తర్వాత పెద్ద స్టేషనుకి ప్రమోషన్ మీద బదిలీ వచ్చింది. వద్దని రాసిచ్చేశారు. బెజవాడైతే పిల్లలకి మంచి కాలేజీలు, ఆస్పత్రి, పండక్కి చీర కొనుక్కోవడానికి నాలుగు కొట్లు. ఇక్కడేమో రాత్రిపూట బిడ్డకి జ్వరమొస్తే గూడ్సు బండి గార్డుని బతిమాలి ఎక్కి కైకలూరు వెళ్ళాలి. "ఆయనకి ఇక్కడ బాగుంది, అందుకని మేమందరం ఇక్కడే ఉన్నాం" అనేది అమ్మమ్మ. అందులో నిజముంది. ఒకరి తృప్తికి అయ్యే ఖర్చు ఒక్కోసారి ఇంట్లో ఇంకొకరు పెట్టుకుంటారు. తాతయ్యలా బతకాలని నేను గొప్పగా అనుకున్నప్పుడల్లా నాకు ఆ గూడ్సు బండి గుర్తొస్తుంది. మా అమ్మ ఇంటర్ చదవడానికి రోజూ ప్యాసింజర్లో వెళ్ళొచ్చింది. చదువుకుంది, ఉద్యోగం చేసింది, కానీ "నాన్న బెజవాడ వెళ్ళుంటే" అనే మాట ఆవిడ నోట్లోంచి పూర్తిగా ఎప్పుడూ పోలేదు.

మా చిన్నమావయ్య దీనికి పూర్తిగా అటు చివర. తాతయ్య రిటైరయ్యే నాటికే ఆ చుట్టుపక్కల చేలు చెరువులవడం మొదలైంది. ఎకరం వరి మీద వచ్చేది చేతి ఖర్చులకే చాలనప్పుడు చేపల చెరువుకి లీజు ఇస్తే ఏడాదికింత అని ముందే చేతిలో పడుతుంది. ఎవరు కాదంటారు? చేపల వెనక రొయ్యలొచ్చాయి. మావయ్య భీమవరం అవతల భూమి లీజుకి తీసుకుని టైగర్ రొయ్య వేశాడు. మొదటి పంటలు బాగా పండాయి. మోటారుసైకిలు, డాబా ఇల్లు, మా అందరికీ బట్టలు. మావయ్య చెయ్యి పెద్దది, మనసు కూడా.

రొయ్యల సంగతి తెలియనివాళ్ళకి ఒక ముక్క. కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో దాన్ని కౌంటు అంటారు. 50 కౌంటంటే కిలోకి యాభై, 30 కౌంటంటే ముప్పై. కౌంటు తగ్గితే రొయ్య పెద్దదైనట్టు, రేటు పెరిగినట్టు. కాబట్టి రైతు మనసులో ఎప్పుడూ ఒకటే లెక్క: ఇంకో వారం ఆగితే? మేత ఖర్చు పెరుగుతుంది, కానీ రేటు అంతకన్నా పెరుగుతుంది. ఆ ఇంకో వారంలో ఏం జరుగుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. 1994–95 ప్రాంతంలో తెల్లమచ్చ వైరస్ కోస్తా చెరువులన్నిటి మీదా పడింది. మావయ్య చెరువుకి బేరం వచ్చిన రోజు కౌంటు బాగానే ఉంది. ఏజెంటు పట్టేద్దామన్నాడు. మావయ్య ఆగుదామన్నాడు. తర్వాత కొద్దిరోజులకే, రొయ్య తింటోందో లేదో చూడటానికి నీళ్ళలో దించే చెక్ ట్రేలో వేసిన మేత వేసినట్టే మిగిలిపోయింది. ఆ సాయంత్రానికి రొయ్యలు గట్టు వెంబడి తేలుతూ కనిపించాయి. అలా గట్టుకొస్తే పని అయిపోయినట్టే లెక్క.

ఆ రాత్రి ఉన్నపళంగా పట్టుబడి పెట్టారు. కూలీలు, వలలు, ఐసు, లైట్లు. అప్పటికి రిటైరైపోయిన తాతయ్య కూడా వెళ్ళారు. పంచె పైకి దోపి, గట్టు మీద టార్చిలైటు పట్టుకుని తెల్లవార్లూ నిలబడ్డారట. "ఆశకి పోయావు" అని కొడుకుని ఒక్కమాట అనలేదు. ఎవరో ఊరి పెద్దమనిషి అనబోతే, "ఆగితే రేటొస్తుందని నాకు తెలిసినా నేనూ ఆగేవాడినే, మీరు ఆ వల అంచు పట్టుకోండి" అన్నారని మావయ్యే చెప్పాడు. ఆయన ఆగేవాడు కాదని మా అందరికీ తెలుసు.

మావయ్య తర్వాత కోలుకున్నాడు. 2009 నుంచి వనామీ అనే రొయ్య రకం వచ్చాక మళ్ళీ వేశాడు, ఈసారి కూతుర్ని డాక్టరు చదివించాడు. కాబట్టి ఆశపడ్డవాడు చెడ్డాడు, పడనివాడు బాగుపడ్డాడు అని కథ చెప్పడానికి లేదు. ఆ మాటకొస్తే కొల్లేరే దీనికి సాక్షి. చెరువుల మీద చెరువులు తవ్వుకుంటూ సరస్సు నడిబొడ్డుకెళ్ళిపోయారు. 1999లో అభయారణ్యం అన్నారు, 2002లో చిత్తడి నేలల అంతర్జాతీయ జాబితా రామ్‌సర్‌లో చేరింది, 2006లో ప్రభుత్వం గట్లు పగలగొట్టింది. ఆ చెరువుల మీద కోట్లు సంపాదించినవాళ్ళున్నారు, ఆ చెరువుల్లో కూలికెళ్ళి పిల్లల్ని చదివించుకున్నవాళ్ళూ ఉన్నారు. ఇద్దరి ఆశనీ ఒకే గాట కట్టలేను. మావయ్యని ఒకసారి అడిగాను, "ఎప్పుడు హాయిగా ఉంది మావయ్యా?" అని. ఆలోచించి, "సీడు వదిలిన రోజు" అన్నాడు, అంటే చెరువులో రొయ్య పిల్లల్ని వేసిన రోజు. "ఆ రోజు ఇంకా ఏ లెక్కా ఉండదు. నీళ్ళు చూస్తూ కూర్చోవడమే."

నేను బ్యాంకులో పనిచేస్తాను, హైదరాబాదులో. ఇక్కడ అందరికీ ఎప్పుడూ క్రాసింగే. ప్రమోషన్ వచ్చాక, లోను తీరాక, పిల్ల సెటిలయ్యాక, అవుటర్ రింగురోడ్డు అవతల స్థలానికి రేటొచ్చాక. మా అపార్టుమెంటులో లిఫ్టు ఎక్కి నాలుగో అంతస్తు చేరేలోపు ఫోను తీయని మనిషిని నేను చూడలేదు, నాతో కలిపి. తాతయ్య పద్ధతి నాకు అబ్బిందని చెప్పుకోలేను. అయితే ఒక్కచోట మాత్రం ఆయన ఎలా ఉండేవారో నాకు లోపల్నుంచి తెలుస్తుంది. సాయంత్రం కౌంటరు మూసి క్యాష్ టాలీ చేసేటప్పుడు. నోట్లు లెక్కపెట్టేటప్పుడు ఎవరు పిలిచినా నాకు వినపడదు. ఐదువందలవి, రెండువందలవి, వందలవి, చిల్లర, చిరిగినవి. సిస్టంలో అంకె, చేతిలో అంకె ఒకటైనప్పుడు ఒక నిమిషం ఉంటుంది. ఆ నిమిషంలో నాకు ఏమీ అక్కర్లేదు. పక్క సీటు కుర్రాడు క్రెడిట్ కార్డు పాయింట్ల గురించి ఏదో చెబుతూనే ఉంటాడు, నేను కళ్ళజోడు తుడుచుకుంటూ ఉంటాను.

మొన్న సంక్రాంతికి మా అమ్మాయితో ఆ లైనులో వెళ్ళాను. ఇప్పుడు విజయవాడ, గుడివాడ, భీమవరం, నర్సాపురం, అటు మచిలీపట్నం, ఇటు నిడదవోలు కలిపి 221 కిలోమీటర్లు డబుల్ లైనైంది, కరెంటు ఇంజన్లు వచ్చాయి. బంతి యంత్రాల్లేవు, బెత్తం రింగుల్లేవు, ఎదురుబండి కోసం నిలబడే పనీ లేదు. మంచిదే. జ్వరమొచ్చిన బిడ్డతో గూడ్సు బండి గార్డుని బతిమాలే అవసరం ఇక ఏ తల్లికీ ఉండకూడదు. మా అమ్మాయి ఫోనులో వేర్ ఈజ్ మై ట్రైన్ యాప్ పెట్టుకుని, "నాలుగు నిమిషాలు లేటు" అని విసుక్కుంది. తాతయ్య స్టేషను వస్తోంది చూడమన్నాను. తలెత్తేలోపు దాటిపోయింది. వేపచెట్టు ఉందో లేదో నేను కూడా చూడలేకపోయాను.

అమ్మమ్మ ఆఖరి రోజుల్లో మా ఇంట్లోనే ఉంది. చెవులు వినపడేవి కావు గానీ జ్ఞాపకం పదును. ఒకరోజు నేను ఆ మాటా ఈ మాటా చెబుతూ, తాతయ్య ఎంత తృప్తిగా బతికారో కదా అమ్మమ్మా అని గట్టిగా చెవిలో అన్నాను. కాసేపు నన్నే చూసింది.

"తృప్తిగానే బతికాడు. బండి పోయేదాకా పలికేవాడు కాదు, ఆ పక్కనే కాఫీ చల్లారిపోయేది. మళ్ళీ వేడిచెయ్యమనేవాడు. మళ్ళీ వేడిచేసిన కాఫీ ఎవరికి బాగుంటుంది? బాగాలేదని కొత్తది పెట్టమనేవాడు. రోజుకి ఎన్ని బళ్ళో అన్నిసార్లు పొయ్యి వెలిగించాను నేను."

"మరి చిరాకు పడలేదా?"

"పడ్డాను. పడి, ఆ రెండోసారి పెట్టిన కాఫీలో సగం నేనే తాగేదాన్ని. ఆయనకి చెప్పలేదు. నువ్వూ మీ అమ్మకి చెప్పకు."